జీతం లేని సెలవు – రాజీ బాట

(మేళ్లచెరువులో జరిగిన సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో ఎప్పుడూ పిల్లల చదువు గురించి మాట్లాడమని మాకు చెప్పేవారు. ఈసారి కార్యవర్గం వారు నౌకరీలలో వచ్చే సెలవుల తగాదాల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. మేము ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునేవాళ్ళం. వకీళ్ళం కాము. అయితే మన మొహల్లాలో ఎవరికి తెలుగులోనో ఇంగ్లీషులోనో కాగితం వచ్చినా, “మాస్టారూ, ఇదేమిటో కాస్త చదివి చెప్పండి” అంటూ మా దగ్గరికే తెస్తారు. అట్లా చదివిన కాగితాలలో ఎక్కువ భాగం సెలవులవీ, జీతం కోతలవే. అందువల్ల ఈ సంగతి కొంత తెలిసింది. తెలిసింది తెలిసినట్టు చెబుతాము.

మన ప్రాంతం సంగతి మీకు కొత్తగా చెప్పనక్కరలేదు. మన నేల కింద సున్నపురాయి ఉంది. అందుకే మేళ్లచెరువు చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసినవి. మిర్యాలగూడ వైపు పోతే బియ్యం మిల్లులు. కోదాడ, సూర్యాపేటలలో దుకాణాలు, గ్యారేజీలు, లారీ ఆఫీసులు. మన పిల్లలు ఈ నాలుగు చోట్లే ఎక్కువగా పనిచేస్తున్నారు. సిమెంటు బట్టీ రాత్రింబవళ్ళు మండవలసిందే. ఒకసారి ఆర్పి మళ్ళీ వెలిగించడం చాలా ఖర్చుతో కూడిన పని. బియ్యం మిల్లులో పంట వచ్చిన రెండు కాలాల్లో ఊపిరాడని పని. కాబట్టి సెలవు కావలసిన రోజునే సెలవు దొరకదు. రోగమూ, చావూ, పెళ్ళీ మాత్రం మిల్లు సీజను చూసుకుని రావు గదా! తగాదా అక్కడే పుడుతుంది.

ఇందుకు ఒక ఉదాహరణ చెబుతాము. ఇది 2023లో మన సభ్యులలో ఒకరి పెద్దకొడుకు విషయంలో జరిగింది. పేరు చెప్పము, మిల్లు పేరూ చెప్పము. ఆ అబ్బాయి ఒక బియ్యం మిల్లులో తొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్నాడు. తల్లికి హఠాత్తుగా జబ్బు చేసి హైదరాబాదుకు తీసుకుపోవలసి వచ్చింది. సూపర్‌వైజరుతో నోటిమాటగా చెప్పి, ఆ రాత్రే బయలుదేరాడు. ఆపరేషను, ఆ తర్వాత ఆస్పత్రి వరండాలో పడిగాపులు. మొత్తం 19 రోజులయింది. తిరిగి వచ్చి చూసుకుంటే హాజరు పట్టీలో 19 రోజులూ నాగా పడి ఉంది. జీతంలో 19 రోజుల కోత. అంతటితో పోలేదు. “చెప్పాపెట్టకుండా పోయినవాడివి. నీ పాత సర్వీసు అయిపోయింది. మళ్ళీ కొత్తగా చేరుతున్నట్టు దరఖాస్తు రాసియ్యి” అన్నాడు గుమాస్తా.

ఇంట్లో పరిస్థితి మీరు ఊహించవచ్చు. ఆపరేషను అప్పు ఒకవైపు, పిల్లల ఫీజులు ఒకవైపు. “పోనీలే బేటా, వాళ్ళు అడిగింది రాసియ్యి. పని నిలబడితే చాలు” అన్నాడు తండ్రి. అబ్బాయికేమో రోషం. నలుగురిని వెంటబెట్టుకుని మిల్లు గేటు దగ్గర కూర్చుంటానన్నాడు. ఇంకొందరు కుర్రవాళ్ళు దీన్ని మనవాళ్ళ మీద చూపుతున్న పక్షపాతంగా ప్రచారం చెయ్యాలన్నారు.

అప్పుడు మన సంఘం పెద్దలు రెండు మాటలు చెప్పారు. మొదటిది, కొత్తగా చేరినట్టు ఒక్క అక్షరం కూడా రాయవద్దు. ఎందుకంటే గ్రాట్యుటీ లెక్క సర్వీసు మీద నడుస్తుంది. అయిదేళ్ళు నిండిన పనివానికి ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున రావాలని 1972 నాటి గ్రాట్యుటీ చట్టం చెప్పింది. తొమ్మిదేళ్ళకు ఎంతవుతుంది? 135 రోజుల జీతం. 19 రోజుల కోత గురించి ఏడుస్తూ, 135 రోజుల సొమ్ముకు మన చేతులతో మనమే నీళ్ళు వదులుకోవడం అవుతుంది. రెండవది, ఇది తురకల గొడవ కాదు, పనివాళ్ళ గొడవ. ఆ మిల్లులో వేరే కులాలవాళ్ళకు కూడా ఇట్లాగే కోతలు పడినవా లేదా కనుక్కోండి అన్నారు. కనుక్కుంటే, ఇంకా ఏడుగురు తేలారు. అందులో ఆరుగురు హిందూ సోదరులు. ఒకాయనకు కూతురి పురుడు, ఒకాయనకు తండ్రి దినకర్మ. అందరికీ అదే నాగా, అదే కోత.

ఇక్కడ చట్టంలోని ఒక కిటుకు గమనించండి. ఒక్కని జీతం కోత ఒక్కడే అడిగితే అది పారిశ్రామిక వివాదం అనిపించుకోదు. తోటి కార్మికులో, యూనియనో తమదిగా ఎత్తుకుంటేనే అవుతుంది. పనిలోంచి తీసేసిన కేసు మాత్రం ఒక్కడు అడిగినా వివాదమే. ఈ వెసులుబాటు 1965లో చట్టానికి చేర్చారు. కాబట్టి ఎనిమిది మందీ కలిసి సంతకాలు చేసి కార్మికశాఖ వారికి అర్జీ పెట్టుకున్నారు.

కార్మికశాఖలో రాజీ అధికారి అని ఒకరుంటారు. ఇంగ్లీషులో కన్సిలియేషన్ ఆఫీసరు అంటారు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ఈ పదవిని ఏర్పాటు చేసింది. ఆయన జడ్జీ కాడు. తీర్పు చెప్పడు. ఎవరిది తప్పో తేల్చడు. ఇరుపక్షాలకూ నోటీసు పంపి, వేర్వేరుగా కొంతసేపు, ఎదురెదురుగా కొంతసేపు కూర్చోబెట్టి, ఎక్కడ కలుస్తారో వెతుకుతాడు. మన పెళ్ళిళ్ళలో మధ్యవర్తి చేసేది కూడా ఇంచుమించు ఇదే పని. తేడా ఏమిటంటే, ఇక్కడ కుదిరిన మాటకు చట్టం బలం ఉంటుంది.

మొదటి వాయిదాకు మిల్లు తరఫున ఎవరూ రాలేదు. రెండవ వాయిదాకు మేనేజరు వచ్చాడు. ఆయన వాదనలో కూడా పస లేకపోలేదు. “సీజనులో మనిషి మాయమైతే ఆ షిఫ్టు ఎవరు చెయ్యాలి? సెలవుకు 15 రోజులు ముందుగా రాసివ్వాలని ఫ్యాక్టరీల చట్టంలోనే ఉంది” అన్నాడు. నిజమే, ఉంది. పనివానికి సొంత జబ్బు చేస్తే ఆ గడువు వర్తించదు. తల్లి జబ్బు సంగతి మాత్రం అట్లా స్పష్టంగా రాసి లేదు. కార్మికుల వైపు వాదన కూడా చట్టంలోదే. ఫ్యాక్టరీల చట్టం ప్రకారం ఏడాదిలో 240 రోజులు పనిచేసిన వానికి, పనిచేసిన ప్రతి 20 రోజులకు ఒక రోజు చొప్పున జీతంతో కూడిన సెలవు మరుసటి ఏడాదికి జమ అవుతుంది. మన అబ్బాయి అంతకుముందు ఏడాది 280 రోజులు పనిచేశాడు. అంటే 14 రోజులు జమ. ఆ సెలవు ఉన్నట్టు అతనికి ఎవరూ చెప్పలేదు. సెలవు పుస్తకం చేతికి ఇవ్వనే లేదు.

మూడవ వాయిదాలో అధికారి కాగితం మీద లెక్క వేసి చూపించారు. 19 రోజులలో రెండు వారాంతపు సెలవులు. వాటిని సెలవు లెక్కలో కలపకూడదు. మిగిలినవి 17. అందులో 14 రోజులు ఆర్జిత సెలవు. ఇక తగాదా అంతా మూడు రోజులది! ఆ మూడు రోజులకు మాత్రం జీతం లేని సెలవుగా అబ్బాయి ఒప్పుకున్నాడు. మిల్లువారు నాగా కొట్టేసి, కోసిన మిగతా సొమ్ము వచ్చే నెల జీతంతో ఇవ్వడానికి, తొమ్మిదేళ్ళ సర్వీసు తెగలేదని రాసివ్వడానికి ఒప్పుకున్నారు. మిగతా ఏడుగురి లెక్కలూ ఇదే పద్ధతిన తేల్చారు. అందరికీ సెలవు పుస్తకాలు ఇస్తామన్నారు. కార్మికులు కూడా ఒక మాట ఇచ్చారు. మామూలు సెలవైతే ముందుగా రాసిస్తాము, ఆపదలో పోవలసి వస్తే అదే రోజు ఫోనులో కబురు పంపి, తిరిగి రాగానే ఆస్పత్రి కాగితాలు చూపిస్తాము అని. ఇరువైపులవారూ సంతకాలు చేశారు, అధికారి సంతకం చేశారు. ఎవరూ ఎవరికీ దండం పెట్టలేదు, ఎవరినీ తిట్టలేదు. అర్జీ పెట్టిన నాటి నుండి రెండు నెలలు పట్టింది. ఆ అబ్బాయి నేటికీ అదే మిల్లులో పనిచేస్తున్నాడు.

సోదరులారా, ఈ ఉదాహరణ ఎందుకింత వివరంగా చెప్పామంటే, రాజీ అనగానే మనవాళ్ళలో రెండు అపోహలున్నవి. రాజీ అంటే తలవంచడం అని కొందరు. రాజీ అంటే పెద్దమనుషులు ఎంతో కొంత ఇప్పించి నోరు మూయించడం అని ఇంకొందరు. రెండూ కావు. హక్కు ఎంతో ముందుగా లెక్క తేల్చుకుని, ఆ లెక్క చేతిలో పెట్టుకుని మాట్లాడటమే రాజీ. లెక్క తెలియనివాడు చేసుకునేది రాజీ కాదు, లొంగుబాటు.

ఉర్దూలో మనం సుల్హ్ అంటాము. ఆ మాట వినగానే మనకు హుదైబియా గుర్తుకొస్తుంది. 628లో ఆ ఒప్పందం జరిగినప్పుడు, ఎదుటివారు అభ్యంతరం చెప్పిన మాటలను మన ప్రవక్త (స.అ.స.) కాగితం మీద నుండి తీసివేయించారు. ఆ ఏడు ఉమ్రా చేయకుండానే వెనుదిరిగి, మరుసటి ఏడు చేయడానికి ఒప్పుకున్నారు. సహచరులలో కొందరికి అప్పుడది కష్టంగానే తోచింది. బిరుదుల దగ్గర పట్టు సడలించి, అసలు విషయాన్ని రాతపూర్వకంగా నిలబెట్టుకోవడం అందులో మనం నేర్చుకోవలసిన సంగతి.

మన తెలుగువారిలో వి.వి. గిరిగారు ఇదే బాటను జీవితమంతా చెప్పారు. రైల్వే కార్మికుల నాయకుడిగా మొదలై, 1952లో కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. కోర్టు తీర్పుల కంటే ఇరుపక్షాలు కూర్చుని తేల్చుకునే ఒప్పందమే నిలుస్తుందని ఆయన నమ్మకం. ఆయనను మెత్తనివారనుకోవద్దు. బ్యాంకు ఉద్యోగులకు అనుకూలంగా వచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చిందని 1954లో మంత్రి పదవినే వదులుకున్నారు. 1969లో రాష్ట్రపతి అయ్యారు. రాజీ కోరేవాడికి పట్టుదల ఉండకూడదని ఎవరన్నారు?

ఈమధ్య సంగతులు కూడా చూద్దాము. 2019 అక్టోబరు 5 నుండి మన రాష్ట్రంలో ఆర్టీసీ సమ్మె 52 రోజులు నడిచింది. కోదాడ, సూర్యాపేట డిపోలలో పనిచేసే కుటుంబాలు మన మధ్య కూడా ఉన్నవి. ఆ పండుగ పూట వాళ్ళ పొయ్యిలు ఎట్లా వెలిగాయో మీరు చూశారు. చివరకు కార్మికులు విధుల్లో చేరాక, సమ్మెకాలపు జీతం కూడా ఇస్తామని డిసెంబరు 1న ముఖ్యమంత్రి ప్రకటించారు. సమ్మె హక్కు కార్మికునికి ఉంది, దాన్ని మేము కాదనము. కాని జీతం లేని ప్రతి రోజూ ముందుగా ఇంట్లో ఆడవాళ్ళకు, పిల్లలకు తగులుతుంది. అందుకే సమ్మె చివరి మెట్టు కావాలి.

మరుసటి ఏడు లాక్‌డౌను వచ్చింది. పని మూసుకుపోయిన రోజులకు జీతం కోయరాదని 2020 మార్చి 29న కేంద్ర హోంశాఖ ఉత్తర్వు ఇచ్చింది. యజమానులు సుప్రీంకోర్టుకు పోయారు. మే 18 నుండి ఆ ఉత్తర్వు లేకుండా పోయింది. అయినా అప్పటివరకు గడిచిన రోజుల జీతం మాటేమిటి? జూన్ 12న సుప్రీంకోర్టు ఏమన్నదంటే, యజమానులూ కార్మికులూ ముందు తమలో తాము మాట్లాడుకోవాలి, కుదరకపోతే కార్మికశాఖ అధికారుల దగ్గర రాజీకి కూర్చోవాలి అని. దేశమంతటా ఉన్న జీతం లేని రోజుల తగాదాకు అంత పెద్ద న్యాయస్థానం చూపిన దారి కూడా ఇదే.

ఇప్పుడు చట్టం మారింది, ఈ సంగతి జాగ్రత్తగా వినండి. 2025 నవంబరు 21 నుండి నాలుగు కార్మిక కోడ్‌లు అమలులోకి వచ్చినవి. 1947 నాటి చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ వచ్చింది. ఫ్యాక్టరీల చట్టం కూడా ఇంకొక కోడ్‌లో కలిసిపోయింది. జీతంతో సెలవుకు అర్హత 240 రోజుల నుండి 180 రోజులకు తగ్గింది. 20 రోజులకు ఒక రోజు అనే లెక్క అట్లాగే ఉంది. రాజీ అధికారి 45 రోజులలో నివేదిక ఇవ్వాలి. సమ్మె నోటీసు ఉన్న తగాదాలో అయితే 14 రోజులే. కుదరలేదని నివేదిక వస్తే 90 రోజులలోగా మనమే నేరుగా ట్రిబ్యునలుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. కాని తగాదా పుట్టిన రెండేళ్ళ తర్వాత రాజీకి చేపట్టరు. అందుచేత “ఇప్పుడు కాదు, కూతురి పెళ్ళి అయినాక చూద్దాం” అని వాయిదా వేసేవారికి తలుపు మూసుకుపోతుంది.

ఎవరు ఎక్కడికి పోవాలి అన్నది కూడా ముఖ్యం. బియ్యం మిల్లు, దుకాణం, గ్యారేజీ వంటివి రాష్ట్ర కార్మికశాఖ కిందికి వస్తాయి. సిమెంటు ఫ్యాక్టరీల తగాదాలు మాత్రం చాలాకాలంగా కేంద్ర ప్రభుత్వ కార్మికశాఖ అధికారులు చూస్తున్నారు. వారి ప్రాంతీయ కార్యాలయం హైదరాబాదులో ఉంది. తప్పు ఆఫీసులో అర్జీ ఇచ్చి నెలల తరబడి తిరిగినవారిని మేము ఎరుగుదుము.

మా వంటి పంతుళ్ళకు ఈ తలుపు లేదు. బడి పంతులు కార్మికుడు కాడని 1988లో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రైవేటు బడులలో పాఠాలు చెప్పే మన అమ్మాయిలు సెలవు జీతాల తగాదా వస్తే విద్యాశాఖ అధికారులను ఆశ్రయించాలి. కోర్టులున్న పట్టణాలలో న్యాయసేవా కమిటీలుంటాయి. 1987 నాటి చట్టం ప్రకారం ఆడవారికి, పారిశ్రామిక కార్మికులకు అక్కడ ఉచితంగా వకీలు సాయం దొరుకుతుంది. లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీకి కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది.

ఇక మన కుటుంబాలన్నీ గుర్తు పెట్టుకోవలసినవి కొన్ని చెప్పి ముగిస్తాము.

1. సెలవు నోటితో అడగవద్దు. రెండు వాక్యాలైనా కాగితం మీద రాసి, నకలు మీద ముట్టినట్టు సంతకం తీసుకోండి. రాసి అడిగిన సెలవును వాళ్ళు కాదంటే, ఆ రోజులు పోవు. పరిమితి లేకుండా మరుసటి ఏడాదికి జమ అవుతాయి. నోటిమాటకు ఈ రక్షణ లేదు.

2. ఖాళీ కాగితం మీద, చదవని కాగితం మీద సంతకం చేయవద్దు. “రేపు ఇస్తాను” అని ఇంటికి తెచ్చుకోండి. రాజీనామా, కొత్త దరఖాస్తు అనే మాటలుంటే తప్పకుండా ఎవరికైనా చూపించండి.

3. జబ్బు చేసిన రోజులు వేరు, నాగా వేరు. ఇ.ఎస్.ఐ. ఉన్నవారికి జబ్బు కాలంలో జీతంలో 70 శాతం, ఏడాదిలో 91 రోజుల వరకు వస్తుంది. ఇందుకు ఆ డాక్టరు సర్టిఫికెట్టు ఉండాలి.

4. జీతం చీటీలు, హాజరు వివరాలు, ఆస్పత్రి కాగితాలు, ఫోనులో పంపిన కబుర్లు దాచిపెట్టండి. రాజీ బల్ల దగ్గర గట్టి గొంతు కంటే చిన్న చీటీ ఎక్కువ పనిచేస్తుంది.

5. గేటు బయట కుదిరిన ఒప్పందం సంతకాలు చేసిన వాళ్ళకే వర్తిస్తుంది. రాజీ అధికారి ముందు కుదిరింది అక్కడి కార్మికులందరికీ, రేపు చేరబోయే వాళ్ళకు కూడా వర్తిస్తుంది. కాబట్టి మాట కుదిరినా, అధికారి ముందే రాయించుకోండి.

6. యజమానులుగా ఉన్న మన సభ్యులకు కూడా ఒక మనవి. మన బేకరీలలో, మన దుకాణాలలో పనిచేసే కుర్రవాళ్ళకు సెలవు లెక్క రాసి పెడుతున్నామా? కూలి ఆలస్యం చేయరాదని మన ఇళ్ళలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. సెలవు జీతం కూడా కూలిలో భాగమే.

చివరగా మా వృత్తికి సంబంధించిన మాట ఒకటి. మన పిల్లలు ఉర్దూ చదవాలి, అది మన ఇంటి భాష. కాని మిల్లులో నోటీసు తెలుగులో వేస్తారు, ఫ్యాక్టరీలో ఇంగ్లీషులో వేస్తారు. పదవ తరగతి దాటిన పిల్లవానికి తెలుగులో ఒక సెలవు చీటీ, ఒక అర్జీ రాయడం రాకపోతే వాడి చదువు వాడి తండ్రికి ఏం ఆసరా అవుతుంది? మన సంఘం ఆఫీసులో నెలకొక ఆదివారం అసర్ నమాజు తర్వాత ఇద్దరు చదువుకున్న యువకులు కూర్చుని, ఏ కులం వారు వచ్చినా కాగితాలు చదివిపెట్టి అర్జీలు రాసిపెట్టే ఏర్పాటు చెయ్యాలని కార్యవర్గాన్ని కోరుతున్నాము. బల్ల, రెండు కుర్చీలు, ఒక దస్తా కాగితాలు చాలు. మా వంతుగా ఆ ఆదివారాలలో మేము వస్తాము.

ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికి పోయి ఏడ్చాడని మన పల్లెల్లో అంటారు. లెక్క తెలిసి, కాగితం పెట్టుకుని, తోటివారిని కలుపుకుని రాజీకి కూర్చుంటే ఇద్దరికీ ఏడుపు తప్పుతుంది.